మా చేతి టీ తాగుతారా సారూ?

2018లో నేను ఎంబీఏ చదివేటప్పుడు మా సారొకాయన క్లాసులో ఓ ప్రశ్నల కాగితం పంచాడు. చదువైపోయాక సొంత వ్యాపారం పెట్టే ఉద్దేశం నీకెంత? ఒకటి నుంచి ఏడు దాకా ఓ అంకెకి సున్నా చుట్టాలి. నీకిష్టమేనా, నీవాళ్ళు మెచ్చుకుంటారా, నీవల్ల అవుతుందా? ఈ మూడూ కలిస్తే ఉద్దేశం పుడుతుందని ఐజెన్ అనే ఆయన 1991లో రాశాడంట.

కులం గడి నా పేరు పక్కనే ఉంది. ప్రశ్నల్లో మాత్రం లేదు. నీ చేతిది ఎవరు కొంటారని ఎక్కడా అడగలేదు.

లెక్కలు తేల్చి సారన్నాడు: "ఎస్సీ పిల్లలకి రిస్కు తీసుకునే గుణం తక్కువయ్యా. గవర్నమెంటు ఉద్యోగముంటే చాలు." ముందు బెంచీలు నవ్వాయి. ఆరోజు నాకు నోరు పెగల్లేదు. ఇప్పుడు చెబుతున్నా.

మా నాయన రిస్కు తీసుకున్నాడు సారూ. మా తాత లంద కాడ తంగేడు చెక్కతో తోలు పదును చేసి మోటబావులకి తొండాలు కుట్టినోడు. కరెంటు మోటార్లొచ్చి ఆ పని పోయింది. నాయన కూలి డబ్బులు కూడేసి ఊరి సెంటర్లో టీ బంకు పెట్టాడు. కొత్త స్టవ్వు, డజను గాజుగ్లాసులు. తెల్లారుజామున మొదటి బస్సుకంటే ముందే తీసేవాడు. మా పేటవాళ్ళే తాగారు. ఊరోళ్ళు బస్సు దిగి, బంకు దాటి, ఫర్లాంగు నడిచి అవతల కొట్లో తాగారు. మా అమ్మ గేదె పాలు కేంద్రంలో పోస్తే మాత్రం పేచీ లేదు. క్యానులో కలిసిన పాలకి కులం కనపడదు గదా! మూడు నెలలకి బాకీ మిగిలింది. స్టవ్వమ్మి తీర్చాడు. ఇప్పటికీ నేను వ్యాపారమంటే మా అమ్మ ఏడుస్తుంది. దానికి ఏ అంకె చుట్టాలి?

చదువుంటే ధైర్యమొస్తుందంటారా? కొలంబియాలో ఆర్థికశాస్త్రం చదివిన అంబేద్కర్, 1917లో తిరిగొచ్చాక, బొంబాయిలో షేర్ల వ్యాపారులకి సలహాలిచ్చే సంస్థ పెట్టాడు. అంటరానివాడని తెలియగానే వచ్చేవాళ్ళు మానేశారు. మూతపడింది. ఆయనకీ రిస్కు గుణం తక్కువేనా?

నేనూ ఊరుకోలేదు. 2021లో చెప్పులు, బ్యాగులు కుట్టే యూనిట్‌కి రిపోర్టు రాసుకుని బ్యాంకుకెళ్ళా. 2016లో మొదలై 2025 మార్చి దాకా నడిచిన స్టాండప్ ఇండియా కింద ఎస్సీ ఎస్టీలకి, ఆడవాళ్ళకి 10 లక్షల నుంచి కోటి దాకా అప్పన్నారు. ఆస్తి తాకట్టు పెట్టినా సరే, గ్యారంటీ నిధి హామీ ఉన్నా సరే, ఏదన్నది బ్యాంకు తేలుస్తుందని రాశారు. మేనేజరు తేల్చాడు. "పొలముందా?" ఆ పొలాల్లో కూలికి వంగినోళ్ళ మనవణ్ణి పట్టుకుని అడిగే మాటా అది!

నా పక్కన చదివిన ఆసామిగారబ్బాయికి మేనమామది మిల్లు, బాబాయిది ఫైనాన్సు. మొదటి సరుకు కొనడానికి బావలున్నారు. వాడు మునిగితే పట్టుకునే చేతులు పది. వాడిది సాహసం, మాది పిరికితనం!

ఔను, గవర్నమెంటు ఉద్యోగానికి ఎగబడతాం. ఒకటో తారీకు జీతమిచ్చే ఖజానా నా చెయ్యి ఏ పేటదో చూసి ఆగదు.

సారూ, ఈసారి కాగితంలో ఇంకో ప్రశ్న వెయ్యండి. "మీ ఊళ్ళో మాదిగోడు హోటలు పెడితే భోంచేస్తారా?" అది మాకొద్దు. ముందు బెంచీలకి పంచండి. ఒకటి నుంచి ఏడు దాకా వాళ్ళని చుట్టమనండి.