వాల్తేరునకు ముందే

నరసన్నపేట పల్లెలలో ఒకని మనస్సు చెదరినచో మొదట దిష్టి తీయుదురు. పిమ్మట గాలి సోకినదనియో, చిల్లంగి పెట్టినారనియో అనుమానించి భూతవైద్యుని గుమ్మము త్రొక్కుదురు. అదియును ఫలింపకున్న నిద్రలేమి, నీరసము, గుండెదడ అని చెప్పి ఆర్.ఎం.పి. వైద్యుని బల్లపై పరుండబెట్టి ఒక సెలైన్ సీసా ఎక్కించి, మొగము కొంత తేటపడగానే తగ్గినదని ఇంటికి మరలుదురు. సీసా అయిపోవునంతవరకు చెంత కూర్చున్న తల్లి కొడుకును అడుగునది తిండినిగూర్చియే గాని, రాత్రులందు అతడేల మేలుకొనియున్నాడో కాదు. ఇన్ని గడపలు తిరిగి, నెలలు గడచి, చేతిసొమ్మును కరగిన పిదపగాని, నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున, విశాఖ చినవాల్తేరులోనున్న ప్రభుత్వ మానసిక వైద్యశాల ఎవరికిని జ్ఞాపకము రాదు. వ్యాధికంటె ఈ ఆలస్యమే మన శ్రీకాకుళము జిల్లాను ఎక్కువగా బాధించుచున్నదని నా విశ్వాసము.

వ్యథకు కారణములా, మనకు కొఱవ లేదు. 2018 అక్టోబరు నాటి తిత్లీ తుపానులో ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడితోటలు నేలగూలిన రైతులున్నారు; ఉద్దాన ప్రాంతమున మూత్రపిండముల వ్యాధితో, డయాలసిస్ వారముల లెక్కతో బ్రదుకు వెళ్లదీయువారున్నారు; భర్త వలసపోగా అత్తమామలను, అప్పును, పిల్లలను ఒంటిచేత మోయుచున్న స్త్రీలున్నారు.

2022 అక్టోబరు 10 న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ అను ఫోను సేవ ఇట్టివారికొఱకే. 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను, పైకము లేకుండ, తెలుగులోనే మాటాడవచ్చును; శిక్షణ పొందిన సలహాదారు మొదట వినును, అవసరమైనచో మానసిక వైద్యునికి అప్పగించును. చావు మాట నోటవచ్చిన మనిషిని మాత్రము క్షణమైనను ఒంటరిగా విడువరాదు. ఇంటిలోని పురుగుమందును అందకుండ తొలగించి, 108 అంబులెన్సుకు కబురంపి ఆసుపత్రికి చేర్చవలెను. పోలీసు కేసగునను భయముచే, ఆత్మహత్యాయత్నమును కడుపునొప్పియని చెప్పి దాచు కుటుంబములెన్నియో! 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 115 వ సెక్షను ఆ యత్నము చేసినవానిని తీవ్రమైన ఒత్తిడికి లోనైనవానిగానే భావించి, శిక్షింపరాదని, ప్రభుత్వమే ఆదుకొనవలెనని చెప్పుచున్నది. వైద్యుని ఎదుట నిజము దాచనక్కఱలేదు.

అయినను ఫోనులో విన్న ఓదార్పు మరునాటి మాత్రకు బదులు కాజాలదు. శ్రీకాకుళము సర్వజనాసుపత్రి 20 కిలోమీటర్లకు పైచిలుకే యైనను, రోజుకూలికి పోవువానికి అది ఒకనాటి కూలి, తోడువచ్చినవానికి మరియొకనాటి కూలి. కావున జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమపు వైద్యుడు నరసన్నపేట ప్రభుత్వాసుపత్రిలో ప్రతివారము ఊరందఱికిని తెలిసిన ఒకే దినమున తప్పక కూర్చుండవలెను. వ్రాసియిచ్చిన మందులు నెలకు సరిపడ అచ్చటనే దొరకవలెను. వరుస తప్పినవాని ఇంటికి ఆశా కార్యకర్త పోయి విచారింపవలెను. 14416 సంఖ్యను బస్ కాంప్లెక్సు గోడపైనను, ప్రతి సచివాలయపు తలుపుపైనను, చదువురానివారికి సైతము కంఠస్థమగునంత పెద్ద అంకెలతో ఈ సంవత్సరమే వ్రాయింపవలెను.