రంగు మారింది, ఇంజన్ మారలేదు

బెంగళూరులో పాత ఆటోల సంగతి ఎత్తితే చాలు, వాదన ఇంధనం దగ్గర మొదలై ఇంధనం దగ్గరే ఆగిపోతుంది. పెట్రోలు మేలా, గ్యాస్ మేలా, రెండూ వదిలేసి కరెంటు బండ్లకు పోదామా అని అధికారులూ పర్యావరణవాదులూ ఆటో సంఘాలూ ఏళ్ల తరబడి తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. ట్యాంకులో పోసింది ఎలాంటి ఇంజన్‌లోకి వెళ్తోందన్న ప్రశ్న మాత్రం ఎవరికీ పట్టదు. ముందుగా తేల్చుకోవలసింది అదే. టూ స్ట్రోక్ ఇంజన్‌ను అలాగే ఉంచి ఇంధనం ఒక్కటే మార్చడం కంటితుడుపు. ఆ కంటితుడుపును కాలుష్య నియంత్రణ అని పిలవడం మరీ విడ్డూరం.

ఇందుకు కొలిచి చూసిన లెక్క ఉంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన రేనాల్డ్స్, గ్రీషాప్, కండ్లికర్ బృందం ఢిల్లీ రోడ్ల మీద తిరిగే ఆటోలను పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించింది. సీఎన్‌జీతో నడిచే టూ స్ట్రోక్ ఆటోల్లో మూడో వంతు దాకా గ్యాస్ సరిగా కాలకుండానే బయటికి పోతోందని అందులో తేలింది. పొగలోని సూక్ష్మకణాల విషయంలోనూ పెట్రోలు మానేసినందువల్ల కలిగిన లాభం స్వల్పమే. సుప్రీంకోర్టు 1998లో ఆదేశించగా జరిగి, దేశదేశాలూ మెచ్చుకున్న ఢిల్లీ గ్యాస్ మార్పిడిలో బయటపడ్డ నిజం ఇది. మూడో వంతు! ఈ ఒక్క అంకె తెలిశాక కూడా ఇంధనం గురించే మాట్లాడేవారిని ఏమనాలి?

కారణం తెలుసుకోవడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. ఏ మెకానిక్ షెడ్డులోనైనా బోరు విప్పి ఉన్నప్పుడు వంగి చూస్తే చాలు. సిలిండర్ గోడకు రంధ్రాలుంటాయి, వాల్వులుండవు. పిస్టన్ కిందికి దిగినప్పుడు ఒక రంధ్రం గుండా కొత్త మిశ్రమం లోపలికొస్తుంది, ఇంకో రంధ్రం గుండా కాలిన పొగ బయటికి పోతుంది. రెండూ కాసేపు ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. కొత్తగా వచ్చినదే పాతదాన్ని బయటికి నెట్టాలి. ఆ తోపులాటలో కొత్తదానిలో కొంత కాలకముందే సైలెన్సర్ దారి పడుతుంది. చిల్లుకుండలో నీళ్లు నింపడమంటే ఇదే. ఫోర్ స్ట్రోక్‌లో పొగ బయటికి పంపడానికి వేరే స్ట్రోకు, వేరే వాల్వు ఉంటాయి కనుక ఈ కారుడు నామమాత్రం. ఢిల్లీలోది సీఎన్‌జీ, మనది ఎల్‌పీజీ అని తప్పించుకోవడానికీ వీల్లేదు. తలుపు తెరిచి ఉన్నప్పుడు బయటికి పోయేది ఏ గ్యాస్ అన్నది తలుపు చూడదు.

దీనికి తోడు ఆయిల్. టూ స్ట్రోక్‌లో ఇంధనంతో పాటే 2టీ ఆయిల్ కూడా లోపలికి వెళ్లి తగలబడాలి. లేకపోతే పిస్టన్ పట్టేస్తుంది. లీటరుకు 20 మిల్లీలీటర్లు చాలన్నా, పాతబడ్డ బోరుకు భయపడి డ్రైవరు ఇంకాస్త ఎక్కువే పోస్తాడు. సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడగానే వెనకాల బైకువాడి ముఖం మీద కమ్మే నీలిపొగ ఆ ఆయిల్‌దే. సైలెన్సర్ మూతి లోపల వేలు పెట్టి తీస్తే జిడ్డుగా అంటుకునే మసీ అదే. గ్యాస్ కిట్ బిగించినంత మాత్రాన ఈ ఆయిల్ అవసరం తీరదు, పొగా ఆగదు.

ఇప్పుడు మన విధానాల దగ్గరికి వద్దాం. 2000 తర్వాత బెంగళూరు ఆటోలకు ఎల్‌పీజీ కిట్లు వచ్చాయి. నలుపు, పసుపు బండ్లు ఆకుపచ్చ, పసుపు బండ్లయ్యాయి. ఎన్నో బండ్లలో లోపలున్నది అదే పాత టూ స్ట్రోక్. మూడో వంతు దాకా కారే ఇంజన్‌కు పచ్చరంగు పూసి శుభ్రమైన బండి అని ధ్రువీకరించాం. చివరికి కళ్లు తెరిచి 2017-18 కర్ణాటక బడ్జెట్‌లో టూ స్ట్రోక్ వదిలి ఫోర్ స్ట్రోక్ కొనేవారికి 30,000 రూపాయల సబ్సిడీ అన్నారు. నగరంలో టూ స్ట్రోక్ ఆటోల నిషేధానికి గడువులు పెట్టారు, పొడిగించారు.

ఆ 30,000 ఎంతపాటిదో చూద్దాం. రోజుకు ఆరు లీటర్ల గ్యాస్ కొట్టించే పాత ఆటో ఉందనుకోండి. ఢిల్లీలో తేలిన గరిష్ఠ లెక్కే దానికీ వర్తిస్తే రోజుకు రెండు లీటర్లు గాలిపాలు. లీటరు 60 రూపాయలనుకున్నా రోజుకు 120. నెలకు 25 రోజులు తిరిగితే 3,000. పది నెలల్లో 30,000. అంటే ప్రభుత్వం సాయం పేరిట ఇస్తానన్న సొమ్ము, ఆ డ్రైవరు పది నెలల్లో సైలెన్సర్ గుండా పారబోసుకుంటున్న సొమ్ముకు సమానం. కొత్త ఆటో కొనాలంటే మాత్రం లక్షన్నర పైమాటే. మిగతాదానికి వడ్డీవ్యాపారి గడప తొక్కక తప్పదు. ఎవరూ ఎగబడి రాలేదంటే ఆశ్చర్యమేముంది? డ్రైవరుకు పర్యావరణ స్పృహ లేదని ఉపన్యాసాలిచ్చేవారు ముందు ఈ కూడికలు చేసి చూడాలి.

పోనీ, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అంటారా? పెట్రోలు, గ్యాస్ బండ్లకు ఆ పరీక్షలో కొలిచేది బండి ఐడిల్‌లో ఉన్నప్పటి కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు. నీలిపొగలోని సూక్ష్మకణాల జోలికే వెళ్లరు. పైగా 2000 మార్చి తర్వాత తయారైన ఫోర్ స్ట్రోక్ ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు హైడ్రోకార్బన్ల పరిమితి 4,500 పీపీఎం అయితే, టూ స్ట్రోక్‌కు 6,000. ఎక్కువ కార్చేదానికి ఎక్కువ సడలింపు! మూడో వంతు కారడాన్ని నేరంగా చూడాల్సిన నిబంధనే దానికి చోటు చూపించింది.

టూ స్ట్రోక్ పక్షాన చెప్పుకోవలసింది లేకపోలేదు. విడిభాగాలు తక్కువ, బరువు తక్కువ, రోడ్డు పక్కనే విప్పి మధ్యాహ్నానికల్లా బిగించి పంపవచ్చు. ప్రతి చుట్టుకూ ఒకసారి పేలుతుంది కనుక లాగుడు బాగుంటుంది. ఒప్పుకుందాం. కానీ ఈ సుగుణాలన్నీ బండి యజమానికి. కారుడు ఖర్చులో సగం అతనిది, మిగతా సగం ఊరందరి ఊపిరితిత్తులది.

అసలు సమస్య ఎక్కడుందో పట్టుకున్నవాళ్లు ఉన్నారు. అమెరికాలో టాహో సరస్సు అధికారులు 1999లో పడవల మీద ఆంక్ష పెట్టినప్పుడు ఏ పెట్రోలు పోస్తున్నారని అడగలేదు. కాలని ఇంధనాన్ని నీళ్లలోకి వదిలే కార్బురేటర్ టూ స్ట్రోక్ మోటార్లను నిషేధించారు. ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ టూ స్ట్రోక్‌లకు దారి వదిలారు. పడవ యజమానులు ఫోర్ స్ట్రోక్‌కో, డైరెక్ట్ ఇంజెక్షన్‌కో మారారు. అదే డైరెక్ట్ ఇంజెక్షన్ పరిజ్ఞానంతో బజాజ్ 2007లో మన దేశంలోనే ఆటోను విడుదల చేసింది. రంధ్రం గుండా లోపలికి వచ్చేదానిలో ఇంధనం ఉండదు కనుక, బయటికి కారేదీ ఎక్కువగా గాలే. ఏ నగరమైనా ఆ ఇంజన్‌కు ప్రత్యేకంగా చేయూతనిచ్చిందా? మనకు ఇంధనం మీదున్న మోజు ఇంజన్ మీద లేదు మరి.

నగర పరిమితుల్లోనే నిషేధం అన్నది మరో మాయ. బెంగళూరులో చెల్లని బండి హిందూపురానికో మదనపల్లెకో కోలారుకో అమ్ముడుపోకుండా ఆపేదెవరు? అక్కడివాళ్ల ఊపిరితిత్తులు వేరేవా? ఇంజన్‌ను రవాణా శాఖ సమక్షంలో పగలగొట్టి తుక్కు చేస్తేనే సబ్సిడీ అనాలి. పర్మిట్ డ్రైవరు చేతిలోనే ఉండాలి. మిగతా సొమ్ముకు బ్యాంకు రుణాన్ని ప్రభుత్వమే పూచీపడి ఇప్పించాలి. కారే గ్యాస్ మిగిలితే కంతుల్లో పెద్ద భాగం దానితోనే తీరుతుంది. హైదరాబాద్‌లో పుట్టిన రేస్‌ఎనర్జీ పాత ఆటోలో ఇంజన్ తీసేసి మోటారు, మార్చుకునే బ్యాటరీ పెట్టే కిట్ చేసి చూపించింది. అలాంటివాటికీ ఇదే సొమ్ము వర్తించాలి.

ఇదంతా చేయడానికి డబ్బు లేదంటే నమ్మడం కష్టం. కిట్లకూ, రంగులకూ, గడువుల పొడిగింపులకూ ఉన్న ఓపిక ఇంజన్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు కరువవుతోంది? ఇంధనం మారిస్తే ఫొటోకు బాగుంటుంది, రిబ్బన్ కత్తిరించవచ్చు. ఇంజన్ మార్చాలంటే లెక్కలు వేయాలి, రుణానికి పూచీపడాలి, పాత ఇనుమును లెక్కపెట్టుకోవాలి. మూడో వంతు దాకా గ్యాస్ గాలిలో కలుస్తోందని 2011 నుంచి రాసిపెట్టి ఉన్నా పచ్చరంగు బండి చూపించి శుభ్రమైన గాలి అనేవారు అజ్ఞానులేమీ కారు. వాళ్లకు ఆ అంకె తెలియకపోలేదు, అవసరం లేకపోయింది. ఆ అంకెకు జవాబు చెప్పకుండా ఇంకో కొత్త ఇంధన పథకం ప్రకటించే ఏ మంత్రినీ, ఏ అధికారినీ ఇక సీరియస్‌గా తీసుకోనక్కర్లేదు.