పద్దెనిమిది పాటల చీటీ

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. వంటిల్లు సర్దేశారు. పిల్లలు బడి నుంచి రావడానికి ఇంకా రెండు గంటలుంది. ఆ కాసేపూ మీదే కదండీ! అప్పుడు ఎవరి పాట వింటారు?

మా అమ్మయితే పి.బి. శ్రీనివాస్ పాటలు వినేది. కొవ్వూరులో మా ఇంటికి టేప్ రికార్డరు వచ్చాక అమ్మ చేసిన మొదటి పని, చీటీ మీద ఆయన పాటల పేర్లు రాయడం. ఆ రోజుల్లో ఖాళీ క్యాసెట్టూ చీటీ ఇస్తే షాపు వాళ్ళు రికార్డు చేసి ఇచ్చేవారు. అరవై నిమిషాల క్యాసెట్టులో రెండు వైపులా కలిపి పద్దెనిమిది పాటలకు మించి పట్టవు. అమ్మ పాతిక రాసింది. వారం రోజులు ఆలోచించి ఏడు కొట్టేసింది. నేను బస్సెక్కి, గోదావరి వంతెన దాటి, రాజమండ్రిలో ఇచ్చొచ్చాను.

శ్రీనివాస్ మన కాకినాడలో 1930లో పుట్టారు. మద్రాసు జెమినీ స్టూడియోలో ఆయనకు దారి చూపించింది మన ద్రాక్షారామానికి చెందిన వైణికులు ఈమని శంకరశాస్త్రి గారు. 1952లో 'మిస్టర్ సంపత్' అనే హిందీ సినిమాతో మొదలుపెట్టి, కన్నడంలో రాజ్‌కుమార్‌కి గొంతయ్యారు. మనకు 'ఆడబ్రతుకు' (1965)లో రామారావుకి పాడారు, 'లేత మనసులు' (1966)లో సుశీలతో గొంతు కలిపారు.

ఘంటసాల పాట వస్తే చేతిలో పని ఆగిపోతుంది. శ్రీనివాస్ పాట పని ఆపమనదు. పక్కన కూర్చుని మనతోపాటు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నట్టుంటుంది.

పద్యనాటకాల వాళ్ళు మైకు లేని రోజుల్లో చివరి వరసదాకా వినపడాలని గొంతెత్తి పాడేవారు. మైకు వచ్చాక చెవి దగ్గర చెప్పినట్టు పాడటం వీలైంది. అమెరికాలో జాజ్ పియానో వాయిస్తూ మొదలుపెట్టిన నాట్ కింగ్ కోల్ అలాంటి మెత్తటి గొంతుతోనే లోకాన్ని గెలిచాడు. మెత్తగా పాడటం తేలికనుకునేరు! మీరే పాడి చూడండి. జోరుగా పాడేస్తే చిన్న తప్పులు జోరులో కలిసిపోతాయి. నెమ్మదిగా పాడితే ఊపిరి చాలదు, పైకి వెళ్ళేసరికి గొంతు బిగుసుకుంటుంది. శ్రీనివాస్ గొంతు పైకి వెళ్ళినా బిగుసుకోదు. అందుకే వందసార్లు విన్నా విసుగు రాదు.

ఇక అసలు సంగతి. మా ఇంట్లో ఏ చీర కొనాలో, ఏ సినిమాకి వెళ్ళాలో, ఏ పూట ఏం వండాలో నాన్నగారో నాయనమ్మో చెప్పేవారు. ఆ పద్దెనిమిది పాటలు మాత్రం అమ్మ ఎంచుకున్నవి. వాటి వరసా అమ్మదే. కంపెనీ వాళ్ళు వేసే 'ఆణిముత్యాలు' క్యాసెట్లలో నలుగురూ మెచ్చినవే ఉంటాయి. అమ్మ చీటీలో అలాంటివి సగమే. మిగతా సగం ఎందుకు రాసిందో నేనెప్పుడూ అడగలేదు. కొట్టేసిన ఏడింట్లో నాన్నగారికి బాగా ఇష్టమైన పాట ఒకటుందని చాలా ఏళ్ళ తర్వాత గమనించాను!

శ్రీనివాస్ గారు 2013 ఏప్రిల్ 14న చెన్నైలో కన్నుమూశారు. అప్పటికి అమ్మ లేదు. క్యాసెట్టు టేపు సాగిపోయి పాట ఈడుస్తోంది. చీటీ మాత్రం పోపులపెట్టె అడుగున, పసుపు మరకతో భద్రంగా ఉంది.

ఇప్పుడు మీ ఫోనులో వేల పాటలున్నాయి. దాని ఇష్టానికి అది వినిపిస్తుంది, మీరు వింటారు. ఈ వారం ఓ పని చెయ్యండి. మీకిష్టమైన గొంతు ఎవరిదైనా సరే, కాగితం మీద మీ పద్దెనిమిదీ రాయండి. ఎవరినీ అడక్కండి. పంతొమ్మిదోది గుర్తొస్తే రాసిన వాటిలో ఒకటి కొట్టెయ్యండి. కష్టంగా ఉంటుంది. అయినా రాసి చూడండి, మీకేది ఇష్టమో మీకే తెలుస్తుంది. మీ అమ్మగారుంటే ఆవిడ చేత కూడా రాయించండి. ఏ పాట ఎందుకు రాశారో తప్పకుండా అడగండి. నేను అడగలేదు మరి.