నల్లగొండ అడిగిన నీళ్లు

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీపడ్డారు. వారిలో అత్యధికులకు గెలుస్తామన్న ఆశ లేదు. ఫ్లోరైడ్ నీరు తాగి ఎముకలు వంగిన పల్లెల గోడు ఢిల్లీకి వినిపించాలని జలసాధన సమితి ఎంచుకున్న మార్గమది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదు. అక్కడి బోర్లలో ఎన్నోచోట్ల అంతకు మించి ఉండేది.

ఢిల్లీకి ఏం వినిపించింది? అదే ఏడాది లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టు 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. నాగార్జునసాగర్ ఉన్న జిల్లాలోనే కృష్ణా నీరు ఇంటింటికీ చేరడానికి మాత్రం ఏళ్లు పట్టింది. చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్‌ను ఆవిష్కరించింది 2015లో.

కుళాయి వచ్చింది కదా అని మనం ఊరుకోవచ్చా? నాలుగు రోజులు సరఫరా ఆగితే మళ్లీ బోరే దిక్కు. ఒకసారి వంగిన ఎముక తిరిగి నిటారు కాదు. కనుక మన మొహల్లాలో తాగే నీటిని పరీక్షించారా, ఫలితమేమిటని గ్రామసభలో, వార్డు సమావేశంలో అడుగుదాం. మసీదు కమిటీ పెద్దలూ, పొరుగింటి హిందూ సోదరులూ, ఆడపడుచులూ కలిసి అడగాలి. ఫ్లోరైడ్ ఎవరి మతమూ చూడలేదు. అడిగే ప్రజలున్న చోటే పాలకులకు బాధ్యత గుర్తుంటుంది.