పాత బండి బేరము

సోదరీమణులారా! పిల్లకు సంబంధము చూచునపుడును, ఇంటికి స్థలము కొనునపుడును ఇల్లాలి మాట అడుగని పురుషుడు నేడు అరుదు. బండి బేరము వచ్చినపుడు మాత్రము మన మాట వంటింటి గడప దాటదు. “ఇంజను సంగతి ఆడవారికేమి తెలియును?” అని ఒక్క మాటతో మనలను పక్కకు నెట్టుదురు. అయితే ఆ బండికై బ్యాంకులో కుదువ పెట్టు గాజులు ఎవరి చేతివి? పుస్తెలు తప్ప మెడలో నున్నదెల్ల తాకట్టుకు పంపి, ఆ ధనము ఏ వస్తువుగా మారుచున్నదో చూడకుండుట వివేకము గాదు. కావున ఈ నెల మేము పాత పికప్పు బండి కొనుటను గూర్చి వ్రాయ దలచితిమి.

2005వ సంవత్సరమున టాటా ఏస్ అను చిన్న సరకు బండి వెలువడిన పిమ్మట పల్లెలలో ఇట్టి బండ్లు విస్తారముగా వ్యాపించినవి. కూరగాయల గంపలు, పాల క్యానులు, కోళ్ల మేత, పెండ్లి షామియానాలు అన్నియు వీనిమీదనే తరలుచున్నవి. కొత్త బండి వెల పెక్కు కుటుంబములకు అందనిదగుటచే పాతవి చేతులు మారుచుండును. అట్టి బండి ఎదుట నిలిచినపుడు అందఱును మొదట అడుగు ప్రశ్న యొక్కటే: “ఎన్ని కిలోమీటర్లు తిరిగినది?” లక్ష యన్న సంతోషింతురు, రెండు లక్షలన్న మొగము తిప్పుకొందురు. ఈ ప్రశ్న తప్పు గాదు గాని, ఇది మొదటి ప్రశ్న కాదగదని మా తలంపు.

భారతమున అరణ్యపర్వములోని నలోపాఖ్యానము చదివినవారికి బాహుకుని కథ జ్ఞాపకముండును. ఒక్క దినములో విదర్భ చేరవలెనని ఋతుపర్ణుడు తొందరపడగా, బాహుకుని రూపముననున్న నలుడు శాలలోనుండి బక్కచిక్కిన గుఱ్ఱములను ఏరి తెచ్చెను. వానిని చూచి రాజు ఆక్షేపించెను. నలుడు ఒడలి పుష్టిని గాక సుళ్లను, జాతిని చూచి ఏరినాడు. ఆ గుఱ్ఱములే గాలివలె పరువెత్తినవి. దారిలో ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను, పండ్లను లెక్కించి చెప్పి తన విద్యను చూపెను. ఒకనికి అశ్వహృదయము, మఱియొకనికి అక్షహృదయము. పాత బండి కొను ఇంటికి ఈ రెండు విద్యలును కావలెను. బండి లక్షణము తెలిసిన మెకానిక్కును కూలి యిచ్చి పిలిపింపవచ్చును. లెక్క చూచు పని మాత్రము మనమే చేసికొనవలెను.

మాకు వరుసకు చెల్లెలగు నొకామె కుటుంబము వంగ, టమాటా పండించి, నలుబది కిలోమీటర్ల దూరమున నున్న పట్టణపు రైతుబజారుకు పంపుచుండును. వారానికి నాలుగు ట్రిప్పులు. అద్దె బండికి ట్రిప్పు 1,200 రూపాయలు. అద్దె కట్టి కట్టి విసిగి భార్యాభర్తలు పాత పికప్పు కొనుటకు నిశ్చయించుకొనిరి. రెండు బండ్లు చూపిరి. మొదటిదాని మీటరు 1,10,000 కిలోమీటర్లు, రంగు తళతళలాడుచుండెను, అడిగిన వెల 4,10,000 రూపాయలు. రెండవదాని మీటరు 2,40,000, తలుపులపై గీతలు, తొట్టిలో సొట్టలు, వెల 3,40,000. “అక్కా, తక్కువ తిరిగినదే మేలని ఆయన పట్టుబట్టుచున్నారు, మీరేమందురు?” అని ఆమె మమ్మడిగెను. “ఎంత తిరిగినదో పిదప చూతము, ఏమి మోసినదో మొదట కనుగొనుము” అని మేము చెప్పితిమి.

విచారింపగా తెలిసినదేమనగా, మొదటిది ఇసుకయు ఇటుకయు మోసిన బండి. రెండవది ఒక బేకరీవారి రొట్టెలను పెద్ద రోడ్డుమీద ఊరూరికి చేరవేసిన బండి. ఈ రెంటికిని భేదము మిక్కుటము. తేలిక బరువుతో పెద్ద రోడ్డుమీద సాగు బండికి ఇంజను ఒక్కసారి వేడెక్కి నిలుకడగా నడచును. గేరు, క్లచ్చి, బ్రేకు వాడుక తక్కువ. అధిక బరువుతో గోతుల దారిలో మొదటి రెండు గేర్లలోనే ఈడ్చు బండికి క్లచ్చి కాలును, కమాను కట్టలు వంగును, దుమ్ము ఇంజనులోనికి చేరును. అట్టి బండికి లక్ష కిలోమీటర్లు, తేలిక బండికి రెండు లక్షలకంటె భారము. అదియునుగాక మీటరును వెనుకకు త్రిప్పువారును కలరు. మొదటి బండిలో క్లచ్చి పెడలుపై రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగు చక్రము పట్టు చెరిగి యుండెను. లక్ష కిలోమీటర్లకు అంత అరుగుదల వింతగా దోచెను. పాత సర్వీసు చీటీలు అడుగగా అమ్మువాడు లేవనెను. రెండవ బండివారు చీటీల కట్ట తెచ్చి చూపిరి. వానిపై తేదీతోపాటు కిలోమీటర్ల సంఖ్యయు వరుసగా పెరుగుచు వచ్చియుండెను.

ఇక బండిని పరీక్షించు విధము. ఉదయమున, ఇంజను చల్లగా నున్నపుడే చూడవలెను. “మేము వచ్చుదాక స్టార్టు చేయవద్దు” అని ముందే చెప్పి, పోగానే బానెటుపై చేయి వేసి చూడుడు. వెచ్చగా నున్నచో ఏదో దాచుటకే ముందు తిప్పినారని శంకింపవచ్చును. ఇంజను మొదలైన పిమ్మట పొగను గమనింపుడు. నీలిపొగ వదలక వచ్చినచో ఆయిలు కాలుచున్నదన్నమాట. నల్లపొగ మిక్కిలిగా వచ్చినచో గాలి ఫిల్టరో, డీజిలు సరఫరాయో చెడియుండును. చలివేళ కొంచెము తెల్లని ఆవిరి సహజము; ఇంజను వేడెక్కిన పిమ్మటను తెల్లపొగ ఆగనిచో రేడియేటరు నీరు లోనికి చేరుచున్నదేమో అని అనుమానింపవలెను. ఇంజను నడుచుచుండగా ఆయిలు మూత తీయించుడు. ఊదినట్లు బలముగా పొగ చిమ్మినచో రింగులు అరిగినవి. మూత అడుగున మజ్జిగవంటి తెల్లని జిడ్డు కనబడినచో ఆయిలులో నీరు కలసినదేమో చూపించుకొనవలెను.

పిమ్మట బండి క్రిందికి వంగి చూడవలెను. చాసిసుపై కొత్తగా వెల్డింగు చేసిన గుర్తులున్నవా? తుప్పు పొరలుగా ఊడుచున్నదా? సముద్రతీరపు ఊళ్లలో తిరిగిన బండికి ఉప్పుగాలి తుప్పు అధికము. కమాను కట్టలో అదనపు రేకు చేర్చినచో అధిక బరువు మోసిన బండియని తెలిసికొనవచ్చును. టైర్లు ఒకవైపే అరిగినచో ముందు భాగములో లోపమున్నదేమో విచారింపవలెను. తరువాత ఖాళీ బండిని గాక, నాలుగు బస్తాలు వేసి, ఎత్తైన దారిలో నడిపించి చూడవలెను. ఇంజను కేక పెట్టుచున్నను బండి ముందుకు సాగనిచో క్లచ్చి జారుచున్నది. ఈ పరీక్షకు ఒప్పుకొనని అమ్మువానితో బేరము అక్కడికే చాలు. మెకానిక్కు మనము తెచ్చినవాడై యుండవలెను. అమ్మువాడు పిలిచినవాడు వానికే సాక్షి.

బండి బాగున్నను కాగితములు బాగుండవలెను. ఆర్.సి.లోని ఇంజను సంఖ్యను, చాసిసు సంఖ్యను బండిమీద చెక్కిన సంఖ్యలతో అక్షరమక్షరము సరిచూడుడు. ఆర్.సి.లో అప్పిచ్చిన సంస్థ పేరు నమోదై యున్నచో, ఆ సంస్థ ఇచ్చు అభ్యంతరము లేదను పత్రమును, 35వ ఫారమును చేతికి వచ్చువరకు ధనము పూర్తిగా ఇయ్యరాదు. పాత చలానాలు, పన్ను బకాయి, బీమా గడువు, ఫిట్‌నెస్సు గడువు చూడవలెను. ఎనిమిదేండ్లు దాటిన సరకు బండికి ఫిట్‌నెస్సు ఏటేట తీసికొనవలెను. మొత్తము బరువు 3,000 కిలోలు మించని సరకు బండికి పర్మిట్టు అక్కఱలేదు, మించినచో కావలెను. తేలిక వాహనపు లైసెన్సు ఉన్నవాడు 7,500 కిలోలకు లోబడిన సరకు బండిని నడుపవచ్చునని సుప్రీము కోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరులో స్పష్టపఱచినది.

పేరు మార్పు విషయమున మన యిండ్లలో అశ్రద్ధ మెండు. 29, 30 ఫారములపై సంతకము పెట్టించుకొని పెట్టెలో దాచుకొని, బండిని పాత యజమాని పేరనే తిప్పువారు కలరు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఒకే రాష్ట్రములో అమ్మినచో అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. పేరు మారని బండి ప్రమాదము చేసినచో నష్టపరిహారపు బాధ్యత ఆర్.సి.లో పేరున్నవానిదేయని సుప్రీము కోర్టు 2018లో నవీన్ కుమార్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. ఈ సంగతి కొనువారికే గాక, ఇంటి పాత స్కూటరును అమ్మివేసి మఱచువారికి గూడ హెచ్చరిక.

ఇప్పుడు ఋతుపర్ణుని విద్యకు వత్తము. మా చెల్లెలు రెండవ బండికి ఇట్లు లెక్క వ్రాసెను. బేరము తెగిన వెల 3,00,000, టైర్లు, క్లచ్చి ప్లేటు మొదలగు తొలి మరమ్మతులకు 50,000, వెరసి 3,50,000. బంగారముపై అప్పునకు నూటికి సాలుకు పది చొప్పున మొదటి యేటి వడ్డీ 35,000. సొంత బండికి ట్రిప్పు ఒక్కంటికి డీజిలు 700 పోగా అద్దెలో మిగులు 500. పంట యుండు నలుబది వారములకు, వారానికి నాలుగేసి ట్రిప్పులకు మిగులు 80,000. 7,500 కిలోల లోపు సరకు బండికి ఎదుటివారి నష్టమునకై చేయు బీమా మూలధర 2022లో నిర్ణయించినదే 16,049 రూపాయలు. దానిపై పన్ను కలదు గనుక 17,000 వేసికొనెను. ఆయిలు, బ్రేకులు, టైర్లు, ఫిట్‌నెస్సు, రోడ్డు పన్ను మొదలగువానికి 25,000. ఈ రెండును పోగా 38,000. వడ్డీయు పోగా మిగిలినది 3,000 రూపాయలు. అసలు అప్పు తీరు మార్గమే లేదు!

చూచితిరా? బండి మంచిదే, కాగితములు శుభ్రమే, బేరము చౌకయే. అయినను ఆ యింటి సరకొక్కటే మోసినచో అప్పు కొండవలె నిలుచును. పొరుగు రైతుల సరకు మిగిలిన దినములలో వారానికి నాలుగు ట్రిప్పులు అదే అద్దెకు దొరికినచో మఱి 80,000 వచ్చును. అధికముగా తిరిగినందుకు మరమ్మతుకు 10,000 తీసివేసినను అప్పు నాలుగేండ్లలో ఇంచుమించుగా తీరును. ఇదియు భర్తయే నడిపినచో. జీతమిచ్చి డ్రైవరును పెట్టినచో ఈ లెక్క నిలువదు. కావున ఆమె బయానా ఇచ్చుటకు ముందే భర్తతో కూడ పొరుగు రైతుల యిండ్లకు పోయి, ఎవరెవరు ఏయే దినముల సరకు పంపుదురో అడిగి, పుస్తకమున వ్రాసికొనెను. మూడు కుటుంబములవారు మాట యిచ్చిరి. అప్పుడే గాజులు బ్యాంకుకు పోయినవి.

ఆమె కోరిక మఱియొకటి యుండెను. బంగారము తనదగుటచే బండి తన పేర నుండవలెనని. భర్త కొంచెము తటపటాయించి పిదప అంగీకరించెను. ఈ కోరిక న్యాయమైనదే; అయితే పేరుతోపాటు భారమును వచ్చునని మఱువరాదు. బీమా ఒక్క దినము తప్పినను, లైసెన్సు లేనివానికి తాళము ఇచ్చినను, అడుగబడువారు పేరున్నవారే. అందుచే బీమా గడువును, ఫిట్‌నెస్సు గడువును ఆమె క్యాలెండరుపై ఎఱ్ఱసిరాతో గుర్తించుకొనుచున్నది. తాళము ఎవరికి ఇయ్యవలెనో తానే నిర్ణయించుచున్నది.

సోదరీమణులారా! మీ యింట బండి బేరము వచ్చినపుడు ఇంజను విద్య తెలియదని వెనుకకు తగ్గకుడు. అది ఏమి మోసినది, ఎవరి పేర నున్నది, మొదటి యేట దానికి మనమెంత పెట్టవలెను, అది మోయుటకు సరకు ఉన్నదా అను నాలుగు ప్రశ్నలు అడుగుడు. నాలుగింటికిని తృప్తికరమైన సమాధానము వచ్చువరకు నగల పెట్టె తాళము మీ కొంగుననే యుండనిండు. బేరము తప్పిపోవునని తొందరపెట్టువారికి, పాత బండ్లు ఎల్లప్పుడును అమ్మకమునకు వచ్చుచునే యుండునని నెమ్మదిగా చెప్పుడు.