చేయి ఊపితే ఆగే రైలు

అలాస్కాలో ఆంకరేజ్ నుండి ఫెయిర్‌బ్యాంక్స్‌కు సుమారు 573 కిలోమీటర్ల దూరం. శీతకాలపు వారాంతాలలో నడిచే 'అరోరా' రైలుకు ఇది పన్నెండు గంటల ప్రయాణం. మేము ఆ రైలులో ఉత్తర దిశగా సాగాము.

టాల్కీట్నా దాటగానే రహదారి దూరమైంది. ఇక మాకు తోడు గడ్డకట్టిన సుసిట్నా నది, మంచు భారంతో వంగిన స్ప్రూస్ వృక్షాలు, దూరాన 6,190 మీటర్ల డెనాలి శిఖరం.

ఈ అడవిలో అక్కడక్కడ కొయ్య ఇళ్ళున్నాయి గాని, వాటికి బాట లేదు. పట్టాల ప్రక్కన నిలిచి చేయి ఊపితే రైలు ఆగుతుంది. పిండి బస్తాతో ఒక వృద్ధుడు మోకాటి లోతు మంచులోనికి దిగారు. ఆయన సామాను అందుకొనే వరకు బండి కదలలేదు, ప్రయాణికులెవరూ విసుగుకొనలేదు.

తరువాత వచ్చిన హరికేన్ గల్చ్ వంతెన 1921 నాటిది. క్రింద 90 మీటర్ల లోయ. అద్భుత దృశ్యమే! అయినా మా మనస్సు ఆ వృద్ధుని వద్దనే నిలిచిపోయింది.

1923లో పూర్తయిన ఈ రైలుమార్గం 1985 నుండి అలాస్కా రాష్ట్ర ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్నది. ఒక్క మనిషి కోసం బండిని ఆపడం లాభనష్టాల పట్టికలో లాభంగా కనిపించదు. ప్రభుత్వ రంగంలో పనిచేసే మనకు దాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.