తీర్పునకు ముందే శిక్ష

2025 ఆగస్టు 3వ తేది ఆదివారమునాడు లండనునందలి ఓవల్ మైదానమున మహమ్మద్ సిరాజ్ సరిహద్దు తాడుకడ ఒక క్యాచి పట్టెను. పట్టి, వెనుకకు ఒక్క అడుగువేసి తాడు త్రొక్కెను. ఔటు కావలసిన బంతి ఆరు పరుగు లయ్యెను. అప్పటికి 19 పరుగులతో నున్న హారీ బ్రూక్ 111 పరుగుల దాక పోయెను. ఆ సాయంకాలము మన హోటళ్లలోను, రచ్చలమీదను, చేతిలోని ఫోనులలోను సిరాజ్ పేరెట్టి విశేషణములతో వినబడెనో పాఠకులకు మేము చెప్పనక్కఱలేదు.

మఱునాడు ఇంగ్లండునకు కావలసినవి 35 పరుగులు. చేతనున్నవి 4 వికెట్లు. ఆట మొదలై గంట తిరుగకమునుపే ఆ సిరాజే అందులో మూడు వికెట్లు కూల్చి, 6 పరుగుల తేడాతో జట్టును గెలిపించెను. ఐదు టెస్టుల పోటీ రెండు-రెండుగా సమమయ్యెను. మన గడియారములలో అప్పటికి సాయంకాలము నాలుగున్నర. న్యాయస్థానపు వరండాలో వకీళ్లును, కక్షిదారులును, బంట్రోతులును ఒకే ఫోనుచుట్టు మూగి కేకలు పెట్టిరి. నిన్న నోరు పారవేసికొన్నవారే నేడు జేజేలు కొట్టిరి. ఈ మాట ఇతరులను ఆక్షేపించుటకై వ్రాయుటలేదు. ఆదివారపు నోళ్లలో మాదియు నొకటి.

ఇరువది యేండ్లుగా మేము వకీలువృత్తిలో నున్నవారము. సాక్ష్యము ముగియకమునుపే తీర్పు చెప్పు న్యాయాధిపతిని చూచిన మాకు ఒడలు మండును. టెస్టుపోటీ యనగా ఐదుదినముల విచారణ. పరదేశపు పర్యటన యనగా అట్టి విచారణలు వరుసగా నాలుగైదు. ఇంటనుండి చూచు మనము మాత్రము మొదటి సాక్షి నోరు విప్పగనే ఉరిశిక్ష వేయుచున్నాము. ఆ పర్యటనలో ఐదు టెస్టులును ఆడి సిరాజ్ వేసిన బంతులు వేయికి పైబడినవి. తీసిన వికెట్లు 23, ఇరుజట్లలో నెవ్వరును అన్ని తీయలేదు. ఇంత సాక్ష్యము ఒకవైపునను, తడబడిన అడుగొకటి రెండవవైపునను ఉండగా మనము చూచినది అడుగునే!

విమర్శ కూడదని మేమనుట లేదు. అదే పర్యటనలో లీడ్సునందు మనవారు ఒకే టెస్టులో ఐదు శతకములు కొట్టియు ఓడిరి. మొదటి పాళిలో కడపటి ఏడు వికెట్లు 41 పరుగులకును, రెండవ పాళిలో కడపటి ఆరు వికెట్లు 31 పరుగులకును రాలిపోయెను. జారవిడిచిన క్యాచులు వేఱు. దీనిని చూచి ఎందుకిట్లయ్యెనని నిలదీయుట అభిమానికి హక్కేకాదు, విధికూడ. కాని ఆటను తప్పుపట్టుట వేఱు, ఆటగాని పుట్టుకను తవ్వుట వేఱు. 2019లో తన ఆట సరిగా సాగనప్పుడు, పోయి తండ్రితోపాటు ఆటో తోలుకొమ్మని జనులు తన కుపదేశించిరని సిరాజే తరువాత చెప్పికొనెను. ఆటో తోలుట ఎన్నటినుండి తిట్టయ్యెనో మాకు బోధపడలేదు. హైదరాబాదు వీథులలో ఆటో తోలి కొడుకును టెస్టు ఆటగానిగా చేసిన ఆ తండ్రి 2020 నవంబరులో, కొడుకు ఆస్ట్రేలియాలో నుండగా కన్నుమూసెను. సిరాజ్ తిరిగిరాక జట్టుతోనే నిలిచెను. 2021 జనవరిలో స్వదేశమున దిగగనే ఇంటికైనను పోక తిన్నగా తండ్రి సమాధికడకు పోయెను.

ఆ 2020-21 పర్యటనను ప్రతి అభిమానియు మఱల జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. అడిలైడులో మనజట్టు 36 పరుగులకు ముగిసినది. మన టెస్టు చరిత్రలో అంత తక్కువ మొత్తము మఱొకటి లేదు. ఆనాడు జట్టును పాతిపెట్టి శ్రాద్ధముకూడ పెట్టినవా రెందరో! పదిదినములకు మెల్బోర్నులో గెలుపు. తరువాత సిడ్నీ. అక్కడ కడపటి దినమున కాకినాడలో పుట్టిన హనుమ విహారి, తొడ కండరము తెగి పరుగెత్తలేక, 161 బంతు లెదుర్కొని 23 పరుగులతో అజేయుడై నిలిచెను. తోడుగా అశ్విన్ 128 బంతులు కాచెను. తెల్లవారుజామున లేచి చూచినవారిలో కొందఱు ఇదేమి ఆట, పరుగులేవియని విసుగుకొనిరి. ఆ 'డ్రా' లేనిచో, పిమ్మట 32 యేండ్లుగా ఆస్ట్రేలియా ఓటమి యెఱుగని బ్రిస్బేనులో మనము గెలిచియు పోటీ దక్కెడిది కాదు.

సిడ్నీలోనే, జనవరి 10వ తేదిని, ప్రేక్షకులలో నుండి జాతిదూషణము వినబడగా సిరాజ్ పోయి నాయకునితోను అంపైర్లతోను చెప్పెను. ఆట ఆగినది. ఆరుగురిని వెలుపలికి పంపిరి. మనవారు జాతిదూషణకు గురియైన మాట నిజమేయని ఆస్ట్రేలియా క్రికెట్టు సంస్థ విచారణానంతరము ఒప్పుకొన్నది. దూషకులెవరో మాత్రము నిరూపణ కాలేదు. దేశమంతయు మండిపడెను. న్యాయమే. అయితే 2007లో ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్సు వడోదరలోను, బొంబాయిలోను మన ప్రేక్షకులనోట కోతికూతలు వినెనను సంగతి ఎందఱికి జ్ఞాపకమున్నది? ఒకే నేరమునకు సిడ్నీలో నొక శాసనమును, మన ముంగిట మఱొక శాసనమును ఉండునా? పరాయివాడు మనవానిని తిట్టిన జాత్యవమానము. మనమే మనవానిని తిట్టిన అది అభిమానమట!

నాగపురపు తెలుగుబిడ్డ కల్నల్ సి. కె. నాయుడు 1932లో లార్డ్సు మైదానమున మన మొదటి టెస్టుకు నాయకత్వము వహించెను. ఆ టెస్టు ఓడితిమి. విదేశమున మొదటి టెస్టు గెలుపు 1968లో గాని దక్కలేదు. న్యూజీలండులోని డునెడిన్ నగరమున పటౌడీ నాయకత్వమున దక్కెను. నడుమ 36 యేండ్లు! 1947-48లో మొదలిడిన ఆస్ట్రేలియా పర్యటనలలో మొదటి పోటీ గెలుచుటకు 2018-19 వఱకు ఆగవలసివచ్చెను. అన్నాళ్లు రేడియో చెవికానించుకొని, మఱునాటి పత్రికకై పఠనమందిరపు మెట్లమీద కూర్చున్న ముందుతరమువారు ఓవరునకొక తీర్పు చెప్పియుండినచో, ఆటను వలచువారు ఈ దేశమున మిగిలెడివారు కారు.

ఓవల్ టెస్టు కడపటి ఘడియలలో ఇంగ్లండునకు 17 పరుగులు కావలసియుండగా తొమ్మిదవ వికెట్టు పడెను. మొదటి దినముననే భుజము తొలగిన క్రిస్ వోక్సు ఎడమచేయి స్వెట్టరులోపల కట్టుకొని, ఒంటిచేత బ్యాటుతో మైదానములోనికి నడచివచ్చెను. అతడు నిలిచిన మనము ఓడవచ్చును. అయినను మైదానమంతయు లేచి నిలిచి చప్పట్లు కొట్టినది. ఆ లేచినవారిలో మన జెండాలు పట్టుకొన్నవారును ఉండిరి.